మనుమలు చెక్కిన గుమ్మడికాయ

మా పుట్టింట గానీ, మెట్టినింట గానీ నిండు గుమ్మడికాయకు ఆడవారు మొదటి గాటు పెట్టే ఆనవాయితీ లేదు. సంక్రాంతికి అటక మీద నుండి దింపిన కాయను మా వారు పీట మీద ఉంచి, పెద్ద కత్తితో రెండు చెక్కలు చేసి ఇచ్చేవారు. ఆ తరువాతనే అది నా కత్తిపీట దగ్గరకు వచ్చేది. దప్పళానికి కొంత, బెల్లం కూరకు కొంత, పొరుగువారికి కొంత. నలభై యేళ్ళు అలాగే గడిచింది. 2020లో ఆయన కాలం చేశారు. ఆ తరువాత నేను నిండు గుమ్మడికాయ కొనలేదు. బజారులో కోసి అమ్మే చెక్క ఒకటి తెచ్చుకుని పులుసు పెట్టుకునేదానిని.

అటువంటి నేను, 2022 అక్టోబరులో న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంట గుమ్మడికాయల నడుమ కూర్చోవలసి వచ్చింది. వాకిట మెట్టు మెట్టుకూ ఒక కాయ! తొమ్మిదేళ్ళ మనుమడు, అయిదేళ్ళ మనుమరాలు వాటి చుట్టూ గంతులు వేస్తున్నారు. "అమ్మమ్మా, వీటికి మొహాలు చెక్కుతాము, లోపల దీపం పెడతాము" అన్నాడు పిల్లవాడు వచ్చీ రాని తెలుగులో. ఆ ముచ్చటలో నేను నేర్చుకున్నది కొంత, చేసిన తప్పు ఒకటి ఉన్నాయి. రెండూ పాఠకులకు ఉపయోగపడతాయన్న తలంపుతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముల్లంగి జాతి దుంప నుండి గుమ్మడి దాకా

అక్టోబరు 31వ తేదీ రాత్రిని పాశ్చాత్యులు హాలోవీన్ అంటారు. మరునాడు నవంబరు 1 క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. అంతకు పూర్వమే ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాలలో పంటల కాలం ముగిసి చలికాలం మొదలయ్యే ఆ సంధి దినాన్ని సాయిన్ అనే పేరుతో జరుపుకునేవారు. ఆ రాత్రి కంటికి కనబడని శక్తులు తిరుగాడుతాయని నమ్మిక. వాటిని ఇంటి దరికి రానీయకుండా అక్కడివారు టర్నిప్ దుంపలను తొలిచి, వికృతమైన మొహాలు చెక్కి, లోపల నిప్పు ఉంచి గుమ్మంలో పెట్టేవారు. దయ్యాన్ని మోసగించిన జాక్ అనేవాడికి స్వర్గంలోను, నరకంలోను చోటు దొరకక, తొలిచిన దుంపలో ఒక నిప్పుకణిక పెట్టుకుని నేటికీ చీకటిలో తిరుగుతున్నాడని ఐరిష్ వారి కథ. ఈ దీపాలకు 'జాక్ ఓ లాంతరు' అన్న పేరును ఆ కథతోనే ముడిపెడతారు.

1845 నుండి 1852 వరకు ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట తెగులు సోకి మహా క్షామం వచ్చింది. సుమారు పది లక్షల మంది మరణించారు. అంతకు మించిన సంఖ్యలో జనం దేశం విడిచారు. వారిలో ఎందరో అమెరికా చేరారు. అక్కడ దుంప కంటె పెద్దది, మెత్తనిది, లోపల సహజంగానే డొల్లగా ఉండేది గుమ్మడికాయ. చెక్కడానికి ఎంతో అనువు. అయితే గుమ్మడికి మొహం చెక్కి లోపల దీపం పెట్టే పిల్లల ఆట అప్పటికే అక్కడ కొత్త కాదు. జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ అనే అమెరికన్ కవి గుమ్మడి మీద వ్రాసిన కవితలో ఆ ప్రస్తావన ఉన్నది. ఆ ఆట, వలస వచ్చినవారి పండుగ కాలక్రమాన ఒకటిగా కలిసిపోయాయి.

ఇది విన్నప్పుడు నాకు మన ఇళ్ళ గుమ్మాలే గుర్తుకు వచ్చాయి. కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కట్టి, పసుపు కుంకుమలు పూసి, కొందరు దానిమీద కోరలు, మిడిగుడ్లతో రాక్షసుని మొహం కూడ వ్రాయిస్తారు. చెడు చూపు ముందుగా దానిమీద పడి అక్కడే ఆగిపోవాలని మన భావన. దేశాలు వేరు, కాయలు వేరు. గుమ్మంలో భయంకరమైన మొహం ఒకటి ఉంచి ఇంటిలోని పిల్లలను కాపాడుకోవాలన్న ఆరాటం మాత్రం ఒక్కటే.

ఆయుర్వేదంలోని కూష్మాండం ఏది?

ఇక్కడ పాఠకులు ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. గుమ్మడి అనే ఒక్క పేరుతో మనం రెండు వేర్వేరు కాయలను పిలుస్తున్నాము. శాస్త్ర గ్రంథాలలోని కూష్మాండం బూడిద గుమ్మడి. ఇది ఆసియా ఖండపు కాయ. పైన తెల్లని బూడిద, లోపల తెల్లని కండ. వడియాలు పెట్టేది, దిష్టి తీసేది దీనితోనే. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో దీని గుణాలను వయసును బట్టి చెప్పాడు. లేతది పిత్తాన్ని హరిస్తుంది. నడికాయ కఫాన్ని పెంచుతుంది. బాగా ముదిరినది తేలికగా అరిగి, ఆకలి పుట్టించి, మూత్రాశయాన్ని శుద్ధి చేసి, మనోవ్యాధులకు కూడ మేలు చేస్తుందని ఆయన మాట. రక్తపిత్తానికి వాడే కూష్మాండ లేహ్యం దీనితో తయారు చేసేదే.

ఎర్రని కండ గల తియ్యగుమ్మడి మాత్రం అమెరికా ఖండాలది. మెక్సికోలోని వహాకా ప్రాంతపు ఒక గుహలో సుమారు పదివేల యేళ్ళ నాటి సాగు గుమ్మడి గింజలు దొరికాయి. కొలంబస్ ప్రయాణాల తరువాతనే ఈ కాయ సముద్రాలు దాటి మన దేశానికి వచ్చింది. మిరప, టమాటా, బంగాళాదుంప కూడ ఇటువంటి అతిథులే. వచ్చిన అతిథి మన ధనుర్మాసపు గొబ్బెమ్మల మీద పూవై కూర్చున్నది, సంక్రాంతి దానాలలో చేరినది, దప్పళంలో తప్పనిసరి అయినది. అంతమాత్రాన కూష్మాండానికి చెప్పిన ఔషధ గుణాలన్నీ దీనికి అంటగట్టడం సరికాదు. లేహ్యానికి తియ్యగుమ్మడి వాడమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దీని మేలు దీనికి వేరే ఉన్నది. ఆ సంగతి ముందు చెబుతాను.

ఆ సాయంత్రం జరిగినది

2022 అక్టోబరు చివరి ఆదివారం. వంటింటి బల్ల మీద పాత పత్రికలు పరచి మా అల్లుడుగారు పెద్ద కాయ మూత కోసి తీశారు. పిల్లలిద్దరూ మోచేతుల దాకా చేతులు లోపల పెట్టి పీచు, గింజలు దేవుతున్నారు. చిన్నది "ఛీ" అంటూనే మళ్ళీ మళ్ళీ చేయి పెడుతున్నది. నేను ఒక గిన్నె తెచ్చుకుని గింజలు ఏరుకుంటున్నాను. ఇంతలో టెలిఫోను మోగి అల్లుడుగారు అవతలకు వెళ్ళారు. అమ్మాయి పొయ్యి దగ్గర ఉన్నది. రెండు నిముషాలు కూడ కాలేదు. కన్ను చెక్కాలన్న ఆత్రంలో పిల్లవాడు, పిల్లల కోసం తెచ్చిన చిన్న రంపం వదిలి, బల్ల మీద ఉన్న వంటింటి కత్తి తీసుకున్నాడు. కాయ తొక్క తడిగా ఉన్నది. కత్తి జారి, అవతల వైపు కాయను పట్టుకున్న ఎడమ చేతి చూపుడు వేలి మీదకు వచ్చింది.

రక్తం చూడగానే నేను చేసిన పని, మా అమ్మ చేసిన పని, ఆమె అమ్మ కూడ చేసిన పనే. పసుపు డబ్బా తీసి గుప్పెడు పసుపు గాయంలో నొక్కాను. పిల్లవాడు కెవ్వుమన్నాడు. అమ్మాయి పరుగున వచ్చి వాడి చేతిని కుళాయి క్రింద పెట్టి, ఉతికిన తువాలుతో గట్టిగా అదిమి పట్టి, చేయి పైకెత్తి ఉంచింది. పది నిముషాలకు రక్తం తగ్గింది. కాని వేలి కొనకు స్పర్శ సరిగా తెలియడం లేదన్నాడు. వెంటనే దగ్గరలోని అత్యవసర చికిత్సా కేంద్రానికి తీసుకువెళ్ళాము.

అక్కడి వైద్యురాలు వేలి ఒక్కొక్క కణుపునూ వేరువేరుగా వంచమన్నది, చాపమన్నది. దూది కొనతో అటూ ఇటూ తాకి తెలుస్తున్నదా అని అడిగింది. లోపలి స్నాయువు తెగలేదని తేల్చుకున్న తరువాత నాలుగు కుట్లు వేసింది. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో విచారించింది. అయితే కుట్ల కంటె ముందు ఆమెకు ఎక్కువసేపు పట్టిన పని మరొకటి. గాయంలో అతుక్కుపోయిన పసుపును కడిగి తీయడం! అది పూర్తిగా పోతే గాని లోపల ఏమి తెగినదో కనబడదు. పిల్లవాడు కత్తి తగిలినప్పటి కంటె ఆ కడుగుడుకే ఎక్కువ ఏడ్చాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మాయి కూడ అనలేదు. ఆ ఏడుపు నా చేతి చలవేనని నాకు తెలుసు.

వేలు చక్కగా మానింది. వారం పది రోజులలో స్పర్శ కూడ తిరిగి వచ్చింది. అయితే నేను పాలలో పసుపు కలిపి ఇచ్చినా వాడు గ్లాసు వంక, నా వంక అనుమానంగా చూసేవాడు. యాభై యేళ్ళుగా పదిమందికి చిట్కాలు చెప్పిన దానిని, మనుమడి ఎదుట ఆ చూపు భరించడం కష్టమైనది.

కోసుకున్న గాయానికి గుర్తుంచుకోవలసినవి

పసుపు గొప్ప వస్తువే. వంటలో, పాలలో, పై పూతలలో దాని స్థానం దానిది. లోతైన కత్తి గాటు మాత్రం వేరు. డబ్బాలోని పసుపు క్రిములు లేనిది కాదు. బజారు పసుపులో రంగు కోసం సీసపు లవణం కలిపే కల్తీ కూడ పట్టుబడుతూనే ఉన్నది. పైగా అది గాయాన్ని కప్పివేసి, లోపలి దెబ్బను కనబడనీయదు. కాఫీ పొడి, సున్నం, పంచదార విషయంలోనూ ఇంతే. కనుక ఇలా చేయాలి.

1. గాయాన్ని శుభ్రమైన పారే నీటిలో కడగాలి.

2. ఉతికిన గుడ్డతో పది నిముషాలు విడువకుండా అదిమి పట్టాలి. ఆగిందో లేదో అని మధ్యమధ్య తీసి చూడరాదు. చేతిని గుండె కంటె ఎత్తులో ఉంచాలి.

3. అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరచుకుని ఉన్నా, వేలు వంచలేకపోయినా, చాపలేకపోయినా, మొద్దుబారినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళాలి. తెగిన స్నాయువు దానంతట అది అతకదు. రోజులు గడిచిన కొద్దీ అతకడం కష్టమవుతుంది.

4. ధనుర్వాతం టీకా సంగతి తప్పక అడగాలి.

గుమ్మడి చెక్కేటప్పుడు తగిలే చేతి గాయాలను గురించి అమెరికాలో చేతి శస్త్రవైద్యుల సంఘం హెచ్చరికలు చేస్తూ ఉంటుంది. చిన్న పిల్లలు కత్తి పట్టరాదని, వారు మొహం గీస్తే పెద్దవారు చెక్కాలని అక్కడి శిశువైద్యుల సంఘం చెబుతుంది. ఈ సంగతి నేను దెబ్బ తగిలిన తరువాత తెలుసుకున్నాను. మీరు ముందే తెలుసుకోండి.

పారవేసే కండతో పులుసు

ఆ యేడు నన్ను బాధించిన విషయం మరొకటి ఉన్నది. ఇంటింటా తోడి తీసిన కండ, గింజలు చెత్తబుట్టలోకి పోవడం. విచారించగా చెక్కడానికి అమ్మే రకాలు వేరని తెలిసింది. వాటి గోడ పలుచన, పీచు ఎక్కువ, నీరు ఎక్కువ, తీపి తక్కువ. వంటకు చిన్నవిగా, బరువుగా ఉండే తియ్యని రకాలు విడిగా అమ్ముతారు. అయినా చెక్కుడు కాయ తినరానిది కాదు. వండే తీరు తెలియాలి.

100 గ్రాముల పచ్చి తియ్యగుమ్మడిలో 91 గ్రాములకు పైగా నీరే. పిండి పదార్థాలు సుమారు 6.5 గ్రాములు, శక్తి 26 కాలరీలు, పొటాషియం 340 మిల్లీగ్రాములు. ఎర్రని రంగునిచ్చే బీటా కెరోటిన్ శరీరంలో ఎ విటమినుగా మారి కంటి చూపుకు, చర్మానికి తోడ్పడుతుంది. కొంచెం నూనెతో కలిసినప్పుడు అది బాగా ఒంటబడుతుంది. కనుక మన తాలింపు కేవలం రుచి కోసమే అనుకోనక్కరలేదు. మధుమేహం ఉన్నవారు మితంగా తినవచ్చును. అయితే బెల్లం వేసిన పులుసు, హల్వా వారికి వేరే లెక్క.

పులుసు చేసే విధానం: తొక్క తీసిన ముక్కలు అరకిలో, నిమ్మకాయంత చింతపండు, పచ్చిమిరపకాయలు నాలుగు, బెల్లం రెండు చెంచాలు, వేయించి పొడి చేసిన నువ్వులు రెండు చెంచాలు, పసుపు చిటికెడు, ఉప్పు తగినంత సిద్ధం చేసుకొనవలెను. చెక్కుడు కాయ అయితే నీరు సగమే పోయవలెను, కాయే నీరు విడుచును. ముక్కలు సగం ఉడికిన తరువాత చింతపండు రసం, బెల్లం, ఉప్పు వేసి మరిగించి, చివర నువ్వుల పొడి కలుపవలెను. పలుచని కండకు చిక్కదనం నువ్వులే ఇస్తాయి. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెట్టి దించవలెను.

గింజలు: పీచు కడిగి తీసి, ఉప్పు నీటిలో పది నిముషాలు ఉడికించి, గుడ్డ మీద ఆరబెట్టి, బాణలిలో సన్నని సెగ మీద చిటపటలాడే వరకు వేయించవలెను. 100 గ్రాముల గింజల పప్పులో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులు, 49 గ్రాముల కొవ్వు ఉంటాయి. జింకు, మెగ్నీషియం కూడ సమృద్ధిగా ఉన్నాయి. శక్తి 550 కాలరీలు దాటుతుంది కనుక రోజుకు ఒక చిన్న గుప్పెడు చాలును. నాలుగేళ్ళలోపు పిల్లలకు గింజలు ఇవ్వరాదు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. గుమ్మడి గింజలతో నులిపురుగులు పడిపోతాయని పలు దేశాలలో వాడుక ఉన్నది. దానినే నమ్ముకుని మందు మానవద్దు. మన దేశంలో 2015 నుండి నులిపురుగుల నిర్మూలన దినం పేరిట బడులలో, అంగన్‌వాడీలలో పిల్లలకు అల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. అది తప్పక వేయించండి.

మూడు జాగ్రత్తలు. మొదటిది: కోసిన గంటలోపే కండను తీసి చల్లని చోట ఉంచి, ఆ రోజే వండాలి. దీపం పెట్టి వాకిట ఉంచిన కాయను మరునాడు కూరకు వాడరాదు. మసి, దుమ్ము, బూజు అన్నీ అందులో చేరతాయి. రెండవది: గుమ్మడి, ఆనప, దోస జాతి కాయ ఏదైనా చేదుగా ఉంటే ఉమ్మివేసి, కాయ మొత్తం పారవేయాలి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విష పదార్థానిది. ఉడికించినా పోదు. అలంకారానికి అమ్మే చిన్న గుమ్మళ్ళను అసలే వండరాదు. మూడవది: పచ్చి కాయ రసం అంటి కొందరికి చేతులు బిగుసుకుని, చర్మం పొరలు లేస్తుంది. ముందుగా చేతులకు కొబ్బరి నూనె రాసుకోవచ్చును. పుండ్లు ఉన్న చేతులతో పని చేయకూడదు.

పిల్లల వయసు, పిల్లల పని

2023 అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను. వాకిట కాయలు ఉన్నాయి గాని పెద్దవాడు వాటి జోలికి పోవడం లేదు. "చెల్లి చేస్తుంది, నాకు వద్దు" అంటాడు. వాడి కంటిలోని భయం కత్తి మీదిదో, పసుపు మీదిదో నాకు తెలియలేదు. ఒకనాటి రాత్రి వాడి పక్కన కూర్చుని, "పోయిన యేడు నీ గాయంలో పసుపు వేయడం నా తప్పు నాన్నా. నీళ్ళతో కడగవలసినది. నాకు తెలియక చేశాను" అన్నాను. పెద్దలు పిల్లలతో ఇటువంటి మాట అనే అలవాటు మా ఇండ్లలో లేదు. వాడు కాసేపు ఊరుకుని, "డాక్టర్ నీమీద కోపపడలేదు కదా అమ్మమ్మా" అన్నాడు. "లేదు" అన్నాను. "అయితే సరే" అని అటు తిరిగి పడుకున్నాడు.

మరునాడు మేము పని పంచుకున్నాము. ఆ పంపకం ఇతర ఇళ్ళకూ పనికివస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

మూడు నుండి అయిదేళ్ళ వారికి కత్తి లేని పని. రంగులు పూయడం, బొట్టుబిళ్ళలు అంటించడం, చేతులతో గింజలు దేవడం. ఆరు నుండి తొమ్మిదేళ్ళ వారు గరిటెతో లోపల గీకవచ్చును, కాగితం మీద మొహం గీసి, దానిని కాయకు అంటించి, గీత వెంబడి పిన్నుతో చుక్కలు గుచ్చవచ్చును. పదేళ్ళు దాటినవారు పెద్దవారు పక్కనే ఉండగా, చెక్కడానికే చేసిన చిన్న రంపం పట్టవచ్చును. వంటింటి కత్తి ఎవరికీ వద్దు. వాడిన వెంటనే దానిని బల్ల మీద నుండి తీసివేయాలి. మా ఇంట లోపించినది ఆ ఒక్క పనే.

కాయను ఎంచేటప్పుడు అడుగు చదునుగా, తొక్క గట్టిగా, మచ్చలు లేకుండా చూసుకోవాలి. తొడిమ పట్టుకుని మోయరాదు, ఊడి కాలిమీద పడుతుంది. మడిచిన తువాలు మీద నిలబెట్టి, తొక్కను పొడిగా తుడవాలి. మూతను ఏటవాలుగా కోస్తే లోపలికి జారిపోదు. మొహం చెక్కే వైపు గోడను అంగుళం మందం వచ్చే వరకు లోపలి నుండి గీకాలి. రంపాన్ని కొద్దికొద్దిగా ముందుకు వెనుకకు నడపాలి, బలం ఉపయోగించరాదు. రంపం మొన పోయే దిక్కున రెండవ చేయి ఎన్నడూ ఉండరాదు. లోపల కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం పెట్టడం మేలు. పండుగ వేషాల జీరాడే బట్టలకు నిప్పు అంటుకునే ప్రమాదం తప్పుతుంది. చెక్కిన కాయ కొద్ది రోజులలోనే వాడి, బూజు పడుతుంది. కనుక పండుగకు ఒకటి రెండు రోజుల ముందు చెక్కితే చాలును. వాడిన కాయను మొక్కల ఎరువు గుంటలో వేయవచ్చును.

మొదటి గాటు

ఆ రోజు అల్లుడుగారు ఊరిలో లేరు. అమ్మాయి మేడమీద కార్యాలయపు పనిలో ఉన్నది. కాయ బల్ల మీద ఉన్నది, పిల్లలు గరిటెలతో సిద్ధంగా ఉన్నారు. మూత ఎవరు కోయాలి? సాయంత్రం దాకా ఆగుదామన్నాను. ఎందుకని అడిగాడు వాడు. మా ఇంటి ఆనవాయితీ చెప్పాను. తాతయ్య మొదటి గాటు పెట్టేవారని, ఆ తరువాతనే నేను కోసేదానినని, ఆయన వెళ్ళిన తరువాత నిండు కాయ ఇంటికి తేలేదని చెప్పాను.

వాడు తన ఎడమ చేతి చూపుడు వేలి మీది సన్నని తెల్లని గీతను మరొక వేలితో రాస్తూ కాసేపు ఆలోచించాడు. "తాతయ్య లేరు కదా. నేను కత్తి పట్టకూడదు. మరి నువ్వే కోయాలి అమ్మమ్మా. నేను అటువైపు చేయి పెట్టను" అన్నాడు. అని రెండు చేతులూ వెనుకకు కట్టుకుని రెండడుగులు దూరంగా జరిగాడు. చెల్లెలిని కూడ లాగి పక్కన నిలబెట్టుకున్నాడు.

నేను కాయను తుడిచి, కళ్ళకద్దుకుని, కత్తి పెట్టాను. తొక్క అనుకున్నంత గట్టిది కాదు. తీరా కోసిన తరువాత, ఆ పచ్చి కండ వాసనకు మా ఇంటి సంక్రాంతి పొద్దు కళ్ళ ముందు నిలిచింది. పిల్లలు మాత్రం అప్పటికే చేతులు లోపల పెట్టేశారు.

ఆ రాత్రి వాకిట దీపం వెలిగింది. వంకర పళ్ళ మొహం మా మనుమరాలు గీసినది, చుక్కలు పెద్దవాడు గుచ్చినవి, చెక్కడం వాళ్ళ అమ్మది. లోపల పులుసు అన్నం. వాడు రెండవసారి వడ్డించుకున్నాడు. తిని, "ఇందులో పసుపు ఉందా?" అని అడిగాడు. "చిటికెడు" అన్నాను. "ఇక్కడైతే పరవాలేదు" అన్నాడు.

పాఠకులారా, మన ఊళ్ళలో చలికాలం గుమ్మళ్ళు వచ్చే కాలం. హాలోవీన్ మన పండుగ కాకపోవచ్చును. సంక్రాంతికి కాయ తెచ్చినప్పుడు, కోసే ముందు ఒక పూట పిల్లల చేతికి ఇచ్చి, సుద్దతో, కుంకుమతో దానికొక మొహం వేయనివ్వండి. గింజలు వారిచేతనే తీయించండి. తాము చేయి పెట్టిన కాయకూరను పిల్లలు వద్దనడం అరుదని నా అనుభవం. కత్తి మాత్రం మీ చేతిలోనే ఉండనివ్వండి. పసుపు పులుసులో ఉండనివ్వండి.